కాళ్ళ సారు

ఆయన పోయాడని పొద్దున ఫోను వచ్చాక నేను గడప దగ్గర నిలబడి, ఏ చెప్పులు వేసుకుని పోవాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. నాకు మూడు జతలున్నాయి. ఒకటి ఊళ్ళో తిరగడానికి, ఒకటి బళ్ళారికి పోవడానికి, ఒకటి హ్యాచరీ గేటు దాకా మాత్రమే. గేటు లోపల తొడుక్కునేవి హ్యాచరీవి, అవి లెక్కలోకి రావు. ఇంత చెప్పుల సంసారం నాకు అలవాటు చేసిన మనిషి బళ్ళారి ఆసుపత్రిలో కన్నుమూశాడు. చావుకు ఏ జత వేసుకోవాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"యాదైతే ఏంది, బయటే కదా ఇడిచేది" అంది నా భార్య.

మామూలు మనిషి విషయంలో ఆమె మాట సరే. కానీ ఆయన బయట విడిచిన చెప్పులను కూడా చూసేవాడు.

మా ఊరు సిరుగుప్ప తాలూకాలో, హచ్చొళ్ళి వైపు, కాలువ కింద ఉంది. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. కాళ్ళ సారు అనేవాళ్ళు. ఎదురుపడిన మనిషి మొహం చూసేవాడు కాదు, కాళ్ళు చూసేవాడు. "బాగుండావా అప్పా" అని ముందు మన కాళ్ళను పలకరించి, వాటి మీద నమ్మకం కుదిరాక మెల్లగా పైకి వచ్చేవాడు. చాలామంది విషయంలో మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేవాడు. ఒకసారి బళ్ళారి బజారులో సొంత బావమరిది ఎదురొస్తే గుర్తుపట్టక పక్కకు తప్పుకుని పోయాడు. తప్పు బావమరిదిదే. ఆ రోజు కొత్త బూట్లు వేసుకొచ్చాడు.

హ్యాచరీ అంటే గుడ్లను మిషన్లలో పొదిగించి కోడిపిల్లలు తీసే చోటు. పక్కనే ఆ గుడ్లు పెట్టే తల్లికోళ్ళ షెడ్లు ఉంటాయి. గుడ్లు ఎన్ని పెట్టాం, పిల్లలు ఎన్ని లేచాయి, నూటికి ఎంత పడింది అన్న లెక్క నాది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. శాతాలూ సరాసరులూ తర్వాత నేనే కుస్తీపట్టి నేర్చుకున్నాను. అందువల్ల అంకె లేని మాట మీద నాకు నమ్మకం తక్కువ. ఆయనకు అంకె మీదే నమ్మకం తక్కువ. "నీ లెక్క పిల్లలు లేచినాక వస్తాది. రోగం అంతకు ముందే వస్తాది" అనేవాడు.

ఆయన మాటలన్నిటికీ తల్లిలాంటి మాట ఇంకొకటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకూ, దాణా లారీ డ్రైవర్లకూ, పెళ్ళికి పిలవడానికొచ్చిన చుట్టాలకూ ఒకే గొంతుతో చెప్పేవాడు. "రోగానికి కాళ్ళు ల్యావప్పా. మన కాళ్ళే దాని కాళ్ళు."

చెప్పి, గేటు దగ్గరున్న కాళ్ళతొట్టి చూపించేవాడు. సిమెంటుతో కట్టిన లోతులేని తొట్టి, అందులో మందునీళ్ళు. అందులో కాళ్ళు ముంచాక స్నానాల గది, అది దాటాక హ్యాచరీ బట్టలు. ఆ బట్టలు ఒకే కొలతలో కుట్టించాడు. ఆ కొలత ఎవరిదో మాకెవరికీ అంతు పట్టలేదు, ఎవరికీ సరిపోయేది కాదు. తనిఖీకి వచ్చిన ఒక భారీ మనిషి మోకాళ్ళ పైనే ఆగిపోయిన ప్యాంటుతో బయటికొచ్చి, ఎవరైనా ఫోటో తీస్తారేమోనని గోడ వైపు తిరిగి నడవడం నేను చూశాను. ఆ చుట్టాలు తెచ్చిన పెళ్ళిపత్రిక గేటు బయట తుమ్మచెట్టు కొమ్మకు ఒక రోజంతా ఎండింది. వాళ్ళింట్లో నాటుకోళ్ళు ఉన్నాయని ఆయనకు తెలుసు. పత్రిక కంటే ముందు వాళ్ళ కాలిగోళ్ళు చదివాడు.

ఇంట్లో కోడి ఉన్నవాళ్ళకు హ్యాచరీలో పని లేదు. మా ఊళ్ళో కోడి లేని ఇల్లు వెతకడం కంటే గోడ లేని ఇల్లు వెతకడం సులువు. పనికి కావాలనుకున్నవాళ్ళు "మా ఇంట్లో ల్యావు సార్" అని తలూపేవాళ్ళు. ఆయన మాటలతో వాదించేవాడు కాదు. తెల్లవారుజామున వాళ్ళ సందులో నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. కూత ఎవరి వాకిట్లోంచి వస్తే వాళ్ళకు పని పోయినట్టే. గేటు దగ్గర కూర్చునే సుంకమ్మ అట్లానే ఒకసారి దొరికింది. వాళ్ళాయన ప్రాణంగా పెంచుకునే పుంజు కూసింది. ఆమె ఆ పుంజును గంపలో పెట్టి తన చెల్లెలి ఊరికి పంపించి, పని సంపాదించుకుంది. వాళ్ళాయన ఆ తర్వాత చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోబట్టే పని తెమిలిందని సుంకమ్మ చెప్పుకునేది.

ఆయనది బళ్ళారిలో పాత మిషన్ చర్చి కుటుంబం. మా దగ్గరికి రాకముందు వేరే చోట కోళ్ళు పెంచాడు. అక్కడ తెగులు వచ్చి మొత్తం మందను ఒకే గుంతలో పూడ్చాల్సి వచ్చిందట. లెక్క మనిషిని కాబట్టి, ఎన్ని కోళ్ళు సార్ అని అడిగాను. నా కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"లెక్కపెట్టల్యా" అన్నాడు. "ఇంకో గుంత తవ్వే శక్తి నాకు ల్యా."

మిగిలిన డబ్బంతా తెచ్చి మా పొలిమేరలో పెట్టాడు. ఇంకొక్కసారి తెగులు వస్తే ఆయనకూ, అక్కడ పిల్లలను ఏరి పెట్టెలకెత్తే మా ఊరి ఆడవాళ్ళకూ గేటు మూసుకున్నట్టే.

ఆ స్థలం ఎంచుకోవడంలోనే తమాషా ఉంది. హ్యాచరీ ఊరికి దూరంగా ఉండాలి. అందుకని మా ఊరికీ పక్క ఊరికీ సమదూరం చూసి, రెండింటికీ సరిగ్గా నడిమధ్య కొన్నాడు. చుట్టూ వరి పండే నేలలో ఆ ఒక్క ముక్క ఎందుకు బీడుగా మిగిలిందో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. మాకది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు. అది పొలిమేర. ఊళ్ళో తెగులు పుడితే మారెమ్మను అక్కడిదాకా సాగనంపి వదిలిపెట్టి వస్తారు. మా ఊరు ఇటునుంచి తెచ్చి వదులుతుంది, పక్క ఊరు అటునుంచి తెచ్చి వదులుతుంది. రెండూళ్ళకూ దూరం చూసి ఆయన కొన్న చోటునే, అదే లెక్కతో, రెండూళ్ళూ ఎప్పుడో తాతల కాలంలో మారెమ్మకు కేటాయించాయి.

ఒక ఎండాకాలం ఆ సంగతి తెలిసొచ్చింది. ఊళ్ళో నాటుకోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. కోళ్ళు మెడలు తిప్పుకుంటూ, ముడుచుకుని కూర్చుని, కూర్చున్నవి కూర్చున్నట్టే పోతున్నాయి. పెద్దరెడ్డి ఇంటి అరుగు మీద పెద్దలు కూడి, అమ్మను సాగనంపాలని తీర్మానించారు. మంగళవారం సాయంత్రం తప్పెట్లతో ఊరు కదిలింది. ముందు కొత్త గంపలో వేపాకు, పసుపన్నం, గాజులు. వెనక ఇంటికొక కోడి, ప్రాణంతో. తెగులు తగిలిన మంద నుంచే కోడిని ఇవ్వాలి, తెగులు దాంతోపాటు పోవాలి. అదీ కట్టుబాటు.

ఊరేగింపు నేరుగా వచ్చి హ్యాచరీ కంచె దగ్గర ఆగింది.

ఆయన గేటు లోపల నిలబడి బయటి జనాన్ని, అంటే జనం కాళ్ళను, చూస్తున్నాడు. "ఇన్ని కాళ్ళు" అని మెల్లగా అనడం విన్నాను. అడ్డం చెబితే మాట ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు. మా అమ్మకు కిరస్తానపాయన అడ్డమొచ్చినాడంట అని తెల్లారేసరికి రెండు తాలూకాలు చెప్పుకుంటాయి. సుంకమ్మ తన వంతుగా గేటు తీయకుండానే కమ్మీల సందులోంచి అమ్మకు దండం పెట్టింది. జనం గంప దించి, కోళ్ళను వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. వెళ్ళగానే ఆయన కంచె చుట్టూ లోపలివైపూ బయటివైపూ చిక్కటి సున్నపు నీళ్ళు పోయించాడు. వెడల్పు ఎంతంటే, ఏ కోడీ తొక్కకుండా దూకలేనంత.

తెల్లారి చూస్తే కంచె దగ్గర ఒక్క కోడి లేదు. నేను సంతోషించాను. ఆయన మొహం పాలిపోయింది.

"పోయినాయంటే యాడికో పోయింటాయి కదప్పా" అన్నాడు. "యాడికి?"

ఇద్దరం ఊళ్ళోకి నడిచాం. పెద్దరెడ్డి ఇంటి అరుగు నల్లబండలతో పరిచినది. ఆ బండల మీద ఈ మూల నుంచి ఆ మూలకు తెల్లటి అడుగులు, ఒక్కో అడుగుకూ మూడు వేళ్ళు. రెడ్డి కోడలు తడిగుడ్డతో తుడుస్తోంది. ఆమె తుడిచినంత మేరా వెనక నుంచి ఒక పెట్ట మళ్ళీ వేసుకుంటూ వస్తోంది.

ఆయన అరుగు ముందు గొంతుక్కూర్చుని ఆ అడుగులను శ్రద్ధగా చదివాడు. లోపలి నుంచి పెద్దరెడ్డి వచ్చాడు.

"ఏందప్పా సారూ, పొద్దున్నే మా బండల మీద పడినావు?"

"రెడ్డప్పా, మీ ఇంట్లో ఎవురో సున్నం తొక్కినారు."

"అది ముగ్గు."

"మూడు వేళ్ళ ముగ్గా?"

తలుపు వెనక నుంచి రెడ్డి ఇంటి ముసలి జేజి అందుకుంది. ఆమెకు వయసెంతో ఆమెకూ తెలియదు. "అది గుడ్లు పెట్టే పెట్ట నాయనా. అమ్మకు చూపిచ్చి తెచ్చుకుంటిమి. అమ్మ వద్దనల్యా."

ఆయన లేచి నిలబడ్డాడు. మొదటిసారి రెడ్డి మొహంలోకి చూశాడు.

"రెడ్డప్పా, నిన్న మాపున మారెమ్మను యాడికి పంపిస్తిరి?"

"పొలిమేరకు."

"పొద్దు మునిగినాక గోనెసంచిలో ఎవురిని తెచ్చుకుంటిరి?"

తప్పెట్లు కొట్టించిన మనిషి, పది మంది ముందు, సొంత అరుగు మీద దొరికిపోయాడు. కోపం ఎటైనా పోవచ్చు. జేజి ముందు నవ్వింది. ఆమె నవ్వాక రెడ్డికి వేరే దారి లేకపోయింది.

నిజానికి రెడ్డి ఒక్కడే కాదు. ఆ వీధిలో చాలా గడపల ముందు మూడు వేళ్ళ ముగ్గులే ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టబోతే ఆయన నా చేయి పట్టుకున్నాడు. "బేడప్పా, వద్దు. లెక్కపెడితే పేర్లు అడుగుతారు" అన్నాడు.

పూజారిని పిలిపించారు. అతన్ని కాళ్ళ సారు అడిగింది ఒక్కటే, సాగనంపి వచ్చాక మీ పద్ధతిలో ఏం చేయాలని. వెనక్కి చూడకూడదు, ఇంట్లోకి అడుగు పెట్టేముందు కాళ్ళు కడుక్కోవాలి, అమ్మ కాళ్ళకు అంటుకుని తిరిగొస్తుంది కాబట్టి అన్నాడు పూజారి.

"నేను చెప్పేది కూడా అదే కదా" అన్నాడు ఆయన.

పూజారి కొంచెం నొచ్చుకున్నాడు. "ఇది మా తాత కాలం నుంచి ఉండేదే. ఈయప్ప కొత్తగా చెప్పిందేమీ ల్యా" అని అందరికీ స్పష్టం చేశాడు.

అక్కడ్నుంచి పని తేలికయింది. వచ్చే మంగళవారం మళ్ళీ సాగనంపాలి. కోళ్ళ బదులు కుమ్మరి చేసిన మట్టికోళ్ళు పోవాలి. నిజం కోళ్ళు తెగులు తగ్గేదాకా గంపల కింద ఉండాలి. చచ్చినవాటిని కాలువలోకి విసరకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి. పొలిమేర దగ్గర మందునీళ్ళ తొట్టి పెడితే తిరిగొచ్చేవాళ్ళంతా అక్కడే కాళ్ళు ముంచి రావాలి. తొట్టిలో వేపాకు ఉండాల్సిందేనని రెడ్డి పట్టుబట్టాడు. ఆకు పడితే మందు పదును తగ్గుతుంది. ఆయన ఆ మాట ఎత్తలేదు. "వేసుకోండి" అని, నాతో మాత్రం "బ్లీచింగ్ ఇంగో రెండు పిడికిళ్ళు ఎక్కువ వేద్దాం" అన్నాడు.

అంతా కుదిరిందనుకుని లేస్తుండగా, తెల్లకాళ్ళ పెట్ట అరుగు దిగి హ్యాచరీ బాట పట్టింది. ఆయన అరిచినట్టు నాకు గుర్తు లేదు. దూకాడు. ఆ వయసులో అంత దూకుడు నేను ఊహించలేదు. రెండు కాళ్ళూ ఒడిసి పట్టుకుని, గెలిచినవాడిలా పైకెత్తి చూపించాడు. అప్పుడు తన చేతులు చూసుకున్నాడు.

బయటి కోడిని ముట్టుకున్నవాళ్ళు కొన్ని రోజుల దాకా గేటు దాటకూడదని ఆయన రాసిన నియమం గేటు మీదే పెయింటుతో ఉంది. రాయించిందీ ఆయనే, పెద్ద అక్షరాలతో.

అలా ఆయన తన హ్యాచరీకి బయటివాడయ్యాడు. తుమ్మచెట్టు కింద నులకమంచం వేయించుకుని, కంచె అవతల నుంచి ఫోనులో హ్యాచరీ నడిపాడు. నేను ఇటు, ఆయన అటు, మధ్యలో కంచె. మామూలుగా మాట్లాడితే వినపడే దూరం. కానీ ఫోనులోనే మాట్లాడాలి, అరిస్తే తుంపర్లు పడతాయని ఆయన అభిప్రాయం. తీరిక దొరికింది కదా అని ఆ రోజుల్లోనే పక్క ఊరికి కూడా పోయి, వాళ్ళ మారెమ్మ సంగతీ మాట్లాడి వచ్చాడు. ఈ కబురు బళ్ళారి దాకా పాకి, చర్చి అయ్యగారు వచ్చి మంచం మీద కూర్చుని, మారెమ్మకు తొట్టి కట్టించారట నిజమేనా అని అడిగారు. "అయ్యగారూ, ప్రభువు శిష్యుల కాళ్ళు సొంత చేతుల్తో కడిగినాడు. నేను తొట్టి పెట్టినా, అంతే" అన్నాడు. అయ్యగారు ఇంకేదో అడగబోయి, తన బూట్ల వైపు ఆయన చూస్తుండటం గమనించి కాళ్ళు మంచం కిందికి లాక్కున్నారు.

అన్నిటికంటే కష్టమైంది పిల్లలు లేచే రోజు. మిషన్ తలుపు తీయగానే వేల పిల్లలు ఒక్కసారి కిచకిచమనే ఆ చప్పుడును ఆయన ఎప్పుడూ వినకుండా వదల్లేదు. ఆ పొద్దు కాలువలో మునిగి, ఉతికిన లుంగీ కట్టుకుని, ఏమీ తెలియనట్టు గేటు దగ్గరికి వచ్చాడు.

"సుంకమ్మా, గేటు."

సుంకమ్మ తలెత్తలేదు. ఆయన కాళ్ళు చూసింది. "ఎవురూ?"

"నేనే."

"కాళ్ళు మీవే సార్. చేతులే రెడ్డప్పోళ్ళ కోడివి."

"తానం చేసినా."

"మా ఆయప్ప పుంజును ఎత్తుకున్న దినం నేనూ తానం చేసే వచ్చింటి. ఎనక్కి పంపిస్తిరి."

"ఆ పొద్దు నువ్వు కొత్తదానివి."

"ఈ పొద్దు మీరు కొత్తోళ్ళు" అంది సుంకమ్మ.

ఆయన కోప్పడతాడని నేను భయపడ్డాను. ఆమె గేటు తీసి ఉంటే తప్పకుండా కోప్పడేవాడు. వెనక్కి పోయి మంచం మీద కూర్చుని నాకు ఫోను చేశాడు. నేను ఫోనును పిల్లల పెట్టెల దగ్గర పెట్టాను. కిటికీలోంచి చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని ఫోను చెవికి ఆనించుకుని, పాట వింటున్నవాడిలా కాలు ఊపుతున్నాడు.

రెండో మంగళవారం మట్టికోళ్ళు పొలిమేర దాటాయి. ఊరంతా తొట్టిలో కాళ్ళు ముంచింది. జేజిని ఎత్తుకొచ్చి మరీ ముంచారు. ఊళ్ళో చాలా కోళ్ళు పోయాయి, హ్యాచరీలోకి తెగులు రాలేదు. ఇది తొట్టి వల్లనా, గంపల వల్లనా, మారెమ్మ వల్లనా అంటే నేను విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి జరిగాయి. లెక్క తెలిసినవాడు ఇక్కడ ఆగాలి.

ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కుమ్మరి మట్టికోళ్ళ కాళ్ళకు తెల్లరంగు వేస్తాడు. ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే, అది సంప్రదాయం అంటాడు.

చివరికి నేను బళ్ళారి జతే వేసుకుని పోయాను. చర్చిలో ప్రార్థన అయ్యాక, ఆయన్ని ఒకసారి హ్యాచరీ చూపించి సమాధుల తోటకు తీసుకుపోదామని ఇంటివాళ్ళు అన్నారు. పెట్టెను ఎక్కించుకుని వ్యాను మా పొలిమేరకు వచ్చింది. గేటు ముందు పెద్దరెడ్డి, పూజారి, ఊరి జనం ముందే నిలబడి ఉన్నారు. లోపల పనిచేసే ఆడవాళ్ళు గేటు అవతల వరసగా నిలబడ్డారు.

సుంకమ్మ గేటు తీయలేదు. బయటికి వచ్చి వ్యాను చక్రాలు చూసింది. ఆసుపత్రి నుంచి, చర్చి నుంచి, ఎన్ని వీధులు తొక్కి వచ్చాయో.

"లోపలికి కాదు" అంది.

"సుంకమ్మా, ఎవురనుకుంటాండావు? సారు" అన్నాడు పెద్దరెడ్డి. "బండి వద్దంటే మేం నలుగురం మోస్తాం. ఒక్క నిమిషం చూపిచ్చి తెస్తాం."

ఆమె వ్యాను ఎక్కి పెట్టెలోకి చూసింది. కోటు తొడిగి, కాళ్ళకు కొత్త తెల్లమేజోళ్ళు వేశారు. ఎక్కడా నేల తగలని కాళ్ళు. ఎప్పటిలాగే ఆ కాళ్ళనే చాలాసేపు చూసింది.

"సారు కాళ్ళు బాగుండాయి రెడ్డప్పా" అంది. "నడిచేది మీరు కదా."

పెద్దరెడ్డి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నేనూ చూసుకున్నాను. అక్కడున్న అందరం చూసుకున్నాం. అయ్యగారు వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక పుస్తకం మూసి తెరిచారు.

అది పిల్లలు లేచే రోజు. సుంకమ్మ కొంగులోంచి ఫోను తీసి లోపలున్న ఒకామెకు చేసింది, ఫోను కోడిపిల్లల పెట్టెల దగ్గర పెట్టమంది. స్పీకరు పెద్దది చేసి, ఫోనును తెల్లమేజోళ్ళ పక్కన ఆనించింది. వేల గొంతుల కిచకిచ వ్యానంతా నిండింది. అయ్యగారు నెమ్మదిగా, చెవి దగ్గర పెట్టమ్మా అని సైగ చేశారు.

"వద్దులే అయ్యగారూ" అంది సుంకమ్మ. "సారు ముందు ఈడే చూస్తాడు."